పొరుగువారి ఓటు: అమెరికా ప్రైమరీ ఎన్నికల్లో జాతి, జెండర్



ఇది మాస్టారి పేరు మీద జరిగే స్మారక ఉపన్యాసం. మాస్టారు మాకు రాజనీతిశాస్త్రం చెప్పారు. ఎన్నికల ఫలితాల పట్టిక చేతికివ్వగానే మేమంతా గెలిచినవారి పేరు వెతికేవాళ్లం. ఎవరు గెలిచారన్నది చివర చూడండి, అసలు ఎవరెవరిని పోటీ దాకా రానిచ్చారో ముందు చూడండి అనేవారు ఆయన. ఈ రోజు నేను ఎంచుకున్న విషయం ఆ పాఠంలోంచి వచ్చిందే.

అమెరికాలో నవంబరులో జరిగే అసలు ఎన్నిక గురించి మన పత్రికలు విస్తారంగా రాస్తాయి. పార్టీ తరఫున ఎవరు నిలబడాలో ఓటర్లే తేల్చే ప్రైమరీ గురించి అంతగా రాయవు. జాతి, స్త్రీపురుష భేదం ఓటరు మనసులో ఎలా పనిచేస్తాయో తెలియాలంటే మాత్రం ప్రైమరీనే చదవాలి. అలా చదివాక నాకు తేలిన మాట ఒకటుంది. నల్లజాతి వారినీ మహిళలనూ అడ్డుకునే ద్వేషం ఉంది, దాని లెక్కలూ చెబుతాను. కానీ దానికంటే విస్తారంగా, మంచివాళ్ల చేతుల మీదుగా పనిచేసేది మరొకటి ఉంది. ‘నాకేం అభ్యంతరం లేదు, మిగతావాళ్లే వేయరు’ అన్న అంచనా అది. తన ఓటు తాను వేయకుండా, పొరుగువారు వేస్తారనుకున్న ఓటు తాను వేసి వచ్చే ఓటరు కథే ఈ ఉపన్యాసం.

పార్టీ ఆసరా లేని చోట

నవంబరు ఎన్నికలో ఓటరుకు పార్టీయే పెద్ద ఆధారం. డెమొక్రాటిక్ పార్టీని నమ్ముకున్నవారు అభ్యర్థి ఎవరైనా తమ పార్టీకే వేస్తారు. రిపబ్లికన్లూ అంతే. ప్రైమరీలో ఆ ఆసరా ఉండదు. నిలబడ్డవాళ్లంతా ఒకే పార్టీ వాళ్లు, విధానాల్లో తేడాలు స్వల్పం. కాబట్టి ఓటరు ఇతర గుర్తులు వెతుక్కుంటారు. అభ్యర్థుల గురించి పెద్దగా తెలియని ఎన్నికల్లో జాతి, జెండర్ అనేవే సమాచారం స్థానంలో కూర్చుంటాయని మోనికా మెక్‌డెర్మట్ 1998లో ప్రచురించిన అధ్యయనంలో చూపారు. నల్లజాతి అభ్యర్థి అయినా, మహిళ అయినా ఓటర్లు వారిని ఎక్కువ ఉదారవాదులుగా ఊహించుకుంటున్నారని ఆమె గమనించారు. ఆ ఊహ ఉదారవాద ఓటరు దగ్గర కలిసివస్తుంది, సంప్రదాయవాది దగ్గర ఎదురు తంతుంది.

ప్రైమరీకి మరో లక్షణం ఉంది. దేశమంతా ఒకే రోజు ఓటు వేయదు. అధ్యక్ష ఎన్నికల ఏడాది ఆరంభంలో మొదలై జూన్ దాకా ఒక్కో రాష్ట్రం వంతు వస్తుంది. ముందు వేసిన రాష్ట్రం ఏం చేసిందో చూసి తర్వాతి రాష్ట్రం వేస్తుంది. అంటే పొరుగువారి మనసు మీద అంచనా వేసుకునే అవకాశం, ఆ అంచనా తప్పని తేలితే దిద్దుకునే అవకాశం, రెండూ ఈ పద్ధతిలోనే ఉన్నాయి.

తెల్లవారికే పరిమితమైన ప్రైమరీ

ప్రైమరీకి ఎంత బలం ఉందో దాన్ని నల్లజాతి వారికి దక్కకుండా చేసినవాళ్లకు బాగా తెలుసు. ఇరవయ్యో శతాబ్దపు తొలి సగంలో దక్షిణాది రాష్ట్రాల్లో డెమొక్రాటిక్ పార్టీదే ఏకఛత్రాధిపత్యం. ఆ పార్టీ ప్రైమరీలో గెలిచిన మనిషి నవంబరులో గెలిచినట్టే. అందుకే టెక్సస్ శాసనసభ 1923లో డెమొక్రాటిక్ ప్రైమరీలో నల్లవారు ఓటు వేయరాదని చట్టమే చేసింది. జాతిని బట్టి ఓటు హక్కు నిరాకరించరాదని 1870 నాటి పదిహేనో రాజ్యాంగ సవరణ చెబుతూనే ఉంది. అయినా, ఇది పార్టీ ఎన్నిక, ప్రభుత్వ ఎన్నిక కాదన్నది వాళ్ల వాదన.

ఎల్ పాసోలో వైద్యం చేసే డాక్టర్ లారెన్స్ నిక్సన్ అనే నల్లజాతీయుడు కోర్టుకెక్కారు. 1927లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. శాసనసభ వెంటనే ఆ అధికారాన్ని పార్టీ కార్యవర్గానికి అప్పజెప్పింది. నిక్సన్ మళ్లీ వెళ్లి 1932లో మళ్లీ గెలిచారు. ఈసారి పార్టీ మహాసభే తీర్మానం చేసింది. దాన్ని 1935లో అదే సుప్రీంకోర్టు సమర్థించింది. చివరికి హ్యూస్టన్‌కు చెందిన దంతవైద్యుడు లోనీ స్మిత్ వేసిన కేసులో, తర్వాతి కాలంలో సుప్రీంకోర్టు తొలి నల్లజాతి న్యాయమూర్తి అయిన థర్‌గుడ్ మార్షల్ వాదించగా, 1944లో ఎనిమిది మంది న్యాయమూర్తులు ఒకవైపు, ఒక్కరు ఒకవైపు తీర్పిచ్చి ఆ దారి మూసేశారు.

రెండు దశాబ్దాల పాటు అంత పట్టుదలగా కాపాడుకున్నారంటే, అసలు నిర్ణయం ఎక్కడ జరుగుతుందో వాళ్లకు స్పష్టంగా తెలుసన్నమాట. అభ్యర్థిని ఎంచుకునే హక్కు లేనివారికి మిగిలే ఓటు హక్కు చాలా చిన్నది. తీర్పు వచ్చాక కూడా పరీక్షలు, పన్నులు, బెదిరింపులతో నల్లవారిని ఆపారు. 1965 ఓటింగ్ హక్కుల చట్టం వచ్చాకనే దక్షిణాదిలో వారి ఓటు ప్రైమరీలో లెక్కకొచ్చింది.

షర్లీ చిజం

1968 దాకా అధ్యక్ష అభ్యర్థిని నిర్ణయించడంలో ప్రైమరీల కంటే పార్టీ పెద్దల మాటే చెల్లేది. ఆ ఏడు హ్యూబర్ట్ హంఫ్రీ ఒక్క ప్రైమరీలోనూ పోటీ చేయకుండానే డెమొక్రాటిక్ అభ్యర్థి అయ్యారు. షికాగోలో జరిగిన పార్టీ మహాసభ వీధిపోరాటంగా మారింది. ఆ గొడవ తర్వాత పార్టీ నిబంధనలు తిరగరాశారు. మహాసభలో అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధులైన డెలిగేట్లలో మహిళలకు, నల్లజాతి వారికి, యువతకు సముచితమైన చోటు ఉండాలన్నారు. 1968లో డెలిగేట్లలో మహిళలు 13 శాతం, 1972లో దాదాపు 40 శాతం. ఒక్క నిబంధన నాలుగేళ్లలో తెచ్చిన మార్పు అది.

ఆ 1972లోనే షర్లీ చిజం పోటీకి దిగారు. బార్బడోస్, గయానాల నుంచి వలస వచ్చిన కుటుంబాల బిడ్డ, బ్రూక్లిన్ మనిషి, బడిపిల్లల టీచరుగా జీవితం మొదలుపెట్టినవారు. 1968లో అమెరికా ప్రతినిధుల సభకు ఎన్నికైన తొలి నల్లజాతి మహిళ. 1972 జనవరి 25న బ్రూక్లిన్‌లోని ఒక చర్చిలో తాను అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్నానని ప్రకటించారు. నల్లజాతి మనిషినైనందుకు గర్విస్తాను గాని నల్లజాతికి మాత్రమే అభ్యర్థిని కాను, స్త్రీనైనందుకు గర్విస్తాను గాని స్త్రీలకు మాత్రమే అభ్యర్థిని కాను, ప్రజలందరి అభ్యర్థిని అన్నది ఆ రోజు ఆమె చెప్పిన మాటల సారం.

ఆ తర్వాత జరిగింది మనం జాగ్రత్తగా చూడాలి. నల్లజాతి నాయకుల్లో ఎక్కువమంది పురుషులు. వారిలో చాలామంది ఆమెను సమర్థించలేదు. ఆ మార్చిలో ఇండియానా రాష్ట్రం గ్యారీలో జరిగిన నల్లజాతి రాజకీయ మహాసభ కూడా ఆమెను తమ అభ్యర్థిగా నిలబెట్టలేదు. మహిళా ఉద్యమంలో ఆమెతో కలిసి పనిచేసినవారిలో కొందరు గెలిచే అవకాశం ఎక్కువున్న జార్జ్ మెక్‌గవర్న్ వైపు మొగ్గారు. వీరిలో చాలామందికి ఆమె మీద ద్వేషం లేదు. ఆమె మాటలు నచ్చాయి, ఆమె ధైర్యం నచ్చింది. గెలవదు కదా అనుకున్నారు, అంతే. టీవీ చర్చల్లో ఆమెను కలుపుకోకపోతే ఫిర్యాదు చేసి పోరాడి ప్రసార సమయం సాధించుకున్నారు. చేతిలో డబ్బు లేకుండా, పెద్దల అండ లేకుండా నాలుగు లక్షలకు పైగా ఓట్లు తెచ్చుకున్నారు. మయామీ బీచ్ మహాసభలో ఆమెకు 152 మంది డెలిగేట్ల ఓట్లు వచ్చాయి.

నల్లజాతి మనిషిగా కంటే స్త్రీగానే ఎక్కువ వివక్ష ఎదుర్కొన్నానని చిజం ఆ తర్వాత పలుమార్లు చెప్పారు. ఆమె అనుభవంలో ఈ రెండూ వేర్వేరు గదుల్లో లేవు. నల్లవారి సభలో ఆమె స్త్రీ, స్త్రీల సభలో ఆమె నల్లమనిషి.

ఈ చిక్కుకు న్యాయశాస్త్రంలో పేరు పెట్టినవారు కింబర్లీ క్రెన్షా. ఆమె 1989లో రాసిన వ్యాసంలో ఒక కేసు చర్చించారు. జనరల్ మోటార్స్ కంపెనీ మీద అయిదుగురు నల్లజాతి మహిళలు దావా వేశారు. కంపెనీ స్త్రీలను ఉద్యోగాల్లోకి తీసుకుంటోంది, కాబట్టి స్త్రీలపై వివక్ష లేదు, నల్లవారిపై వివక్ష అంటారా, అది వేరే కేసు, రెండిటినీ కలపడం కుదరదు అన్నట్టుగా 1976లో కోర్టు తీర్పిచ్చింది. తీసుకున్న స్త్రీలు తెల్లవారన్నది, నల్లజాతి స్త్రీలు ఆ లెక్కల్లో ఎక్కడా కనబడరన్నది కోర్టుకు పట్టలేదు. ప్రైమరీ విశ్లేషణల్లోనూ ఇదే జరుగుతుంది. ‘నల్లవారి ఓటు’, ‘మహిళల ఓటు’ అని రెండు కుప్పలు పోస్తారు. రెండు కుప్పల్లోనూ ఉన్న నల్లజాతి మహిళను ఎవరూ విడిగా అడగరు.

జాక్సన్ సాధించిన నిబంధన

నల్లజాతి నాయకుడు జెస్సీ జాక్సన్ 1984లో, 1988లో డెమొక్రాటిక్ ప్రైమరీల్లో పోటీ చేశారు. మొదటిసారి 30 లక్షలకు పైగా ఓట్లు, రెండోసారి 70 లక్షలకు దగ్గరగా వచ్చాయి. 1988 మార్చిలో, ప్రైమరీకి బదులు పార్టీ నిర్వహించే మిషిగన్ కాకస్‌లో, చివరికి పార్టీ అభ్యర్థి అయిన మైకేల్ డుకాకిస్‌ను ఓడించారు. ఓటరు జాబితాలో పేరే లేని లక్షలాది మంది నల్లవారు ఆ రెండు ప్రచారాల వల్ల నమోదు చేసుకున్నారు.

ఆయన వదిలి వెళ్లిన మరో ఆస్తి నిబంధనల్లో ఉంది. 1984లో ఆయనకు ఓట్లలో 18 శాతం వచ్చినా డెలిగేట్లలో అంత వాటా రాలేదు. గెలిచినవారికి అదనంగా కట్టబెట్టే పద్ధతులు, చిన్న అభ్యర్థుల్ని వడపోసే హద్దులు అందుకు కారణం. 1988 మహాసభ నాటికి ఆయన వర్గం బేరమాడి, ఓట్ల నిష్పత్తిలోనే డెలిగేట్లను పంచాలన్న నియమాన్ని సాధించింది. తర్వాతి ఎన్నికల నుంచి 15 శాతం దాటిన ప్రతి అభ్యర్థికీ తన వాటా దక్కసాగింది. ఇరవై ఏళ్ల తర్వాత ఆ నియమమే బరాక్ ఒబామాకు నిచ్చెన అయింది. 2008 ఫిబ్రవరి 5న హిల్లరీ క్లింటన్ పెద్ద రాష్ట్రమైన న్యూజెర్సీలో గెలిచి 11 డెలిగేట్ల ఆధిక్యం సంపాదిస్తే, అదే రోజు చిన్న రాష్ట్రమైన ఐడహోలో ఒబామా 12 మంది ఆధిక్యం సంపాదించారు.

2008: ఒకే బరిలో ఇద్దరు

2007లో సర్వేలు చేసినప్పుడు నల్లజాతి డెమొక్రాట్లలో క్లింటన్‌దే పైచేయిగా ఉండేది. ఇది విన్నవారు ఆశ్చర్యపోతారు. వారి ఇళ్లలో క్లింటన్ దంపతుల మీద అభిమానం ఉంది. దానితోపాటు, నల్లజాతి మనిషికి తెల్లవారు ఓటు వేస్తారన్న నమ్మకం లేకపోవడమూ ఉంది. ఆ అపనమ్మకం ఊరికే వచ్చింది కాదు, వారి పెద్దల అనుభవంలోంచి వచ్చింది.

2008 జనవరి 3న అయోవాలో, తొంభై శాతానికి పైగా తెల్లవారే ఉన్న రాష్ట్రంలో, ఒబామా 38 శాతంతో మొదటి స్థానంలో నిలిచారు. క్లింటన్ మూడో స్థానంలోకి పోయారు. అక్కడ మహిళల్లో కూడా ఒబామాకే ఎక్కువ ఓట్లు పడ్డాయి. అయిదు రోజులకు న్యూహాంప్‌షైర్‌లో సర్వేలన్నీ ఒబామా గెలుస్తారంటే క్లింటన్ గెలిచారు. ఈసారి మహిళల్లో 46 శాతం ఆమెకు, 34 శాతం ఒబామాకు. పోలింగుకు ముందురోజు ఆమె సభలో లేచిన ఇద్దరు మగవాళ్లు నా చొక్కా ఇస్త్రీ చెయ్యి అని అరిచారు. అదే రోజు ఆమె ఒక కాఫీ హోటల్లో మాట్లాడుతూ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఏది ఎన్ని ఓట్లు మార్చిందో ఎవరూ తూచలేరు. ఒక స్త్రీని అధ్యక్ష పీఠానికి తగదని తరిమేస్తున్నారన్న భావన చాలామంది మహిళలను కదిలించిందన్నది మాత్రం నిజం.

జనవరి 26న సౌత్ కరొలైనా. అక్కడి డెమొక్రాటిక్ ప్రైమరీలో ఓటర్లలో సగానికి పైగా నల్లవారు, దాదాపు మూడో వంతు నల్లజాతి మహిళలు. ఒబామాకు 55 శాతం, క్లింటన్‌కు 27 శాతం వచ్చాయి. ఎగ్జిట్ పోల్ ప్రకారం నల్లజాతి ఓటర్లలో 78 శాతం ఒబామా వైపు, తెల్లవారిలో 24 శాతం ఆయన వైపు. కొన్ని నెలల ముందు క్లింటన్ వెంట ఉన్న ప్రజలు ఇంతగా ఎందుకు మారారు? ఒబామా చర్మం రంగు నెలల ముందూ అదే. మారింది వారి లెక్క. తెల్లవారు ఆయనకు వేస్తారని అయోవా రుజువు చేసింది. కాబట్టి ఇక తమ ఓటు వృథా కాదు. పౌరహక్కుల ఉద్యమ యోధుడు జాన్ లూయిస్ 2007లో క్లింటన్‌ను సమర్థించి, జార్జియాలో తన నియోజకవర్గ ప్రజలు ఒబామాకు ఓటేశాక 2008 ఫిబ్రవరిలో మనసు మార్చుకున్నారు. ప్రజలు నాయకుడి కంటే ముందు నడిచారు.

మరోవైపు ద్వేషం కూడా తన లెక్క రాసుకుంది. మే 13న వెస్ట్ వర్జీనియాలో క్లింటన్‌కు 67 శాతం, ఒబామాకు 26 శాతం. అక్కడి తెల్లజాతి ఓటర్లలో దాదాపు అయిదుగురిలో ఒకరు జాతి కూడా తమ నిర్ణయానికి కారణమని ఎగ్జిట్ పోల్‌లో మొహమాటం లేకుండా చెప్పారు. వారిలో అత్యధికులు ఒబామాకు వ్యతిరేకంగా వేశారు. మైకేల్ టెస్లర్, డేవిడ్ సియర్స్ 2010లో ప్రచురించిన పుస్తకంలో ఈ రెండు వైపులనూ కలిపి చూపారు. నల్లజాతి వారి పట్ల ఓటరు వైఖరి 2008 ప్రైమరీలో అసాధారణంగా బలంగా పనిచేసింది. జాతి విషయంలో సానుభూతి ఉన్నవారిని అది ఒబామా వైపు లాగింది, అసహనం ఉన్నవారిని అంతే బలంగా దూరం నెట్టింది. జాతి ఆయనకు మేలు చేసిందా కీడు చేసిందా అని ఒక్క ముక్కలో అడిగే ప్రశ్నకు అందుకే జవాబు లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఫిబ్రవరి 5 నాటి పోటీల్లో లాటినో ఓటర్లలో దాదాపు మూడింట రెండు వంతుల మంది క్లింటన్‌కు వేశారు. కాలిఫోర్నియాలో ఆసియా సంతతి వారు కూడా ఆమెకే భారీగా వేశారు. లాటినోలు నల్లవారికి వేయరని టీవీల్లో తీర్మానించేశారు. ఆ నవంబరులో అదే లాటినోలలో దాదాపు మూడింట రెండు వంతుల మంది ఒబామాకు వేశారు. ప్రైమరీలో వారిని నడిపింది క్లింటన్ పేరుతో ఉన్న పాత పరిచయం. ఒక సమూహం ఒకరికి ఎక్కువగా వేసిందంటే మరొకరిని అసహ్యించుకున్నట్టు కాదు. విద్యార్థి మిత్రులు ఎగ్జిట్ పోల్ పట్టిక చదివేటప్పుడు ఈ మాట మరిచిపోవద్దు.

2008 జనవరిలోనే స్త్రీవాద రచయిత్రి గ్లోరియా స్టైనమ్ న్యూయార్క్ టైమ్స్‌లో, అమెరికా జీవితంలో అన్నిటికంటే గట్టి కట్టడి బహుశా స్త్రీపురుష భేదమేనని రాశారు. నల్లజాతి స్త్రీవాదులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఎవరి బాధ పెద్దదన్న ఆ పోటీ వల్ల రెండు ఉద్యమాలకూ నష్టమే జరిగింది. జూన్ 7న ఓటమి ఒప్పుకుంటూ, మహిళలను అడ్డుకునే అత్యున్నతమైన గాజు పైకప్పుకు కోటీ ఎనభై లక్షల పగుళ్లు పడ్డాయని క్లింటన్ అన్నారు. ఆమెకు పడిన ఓట్ల సంఖ్య అది.

‘మిగతావాళ్లు వేయరు’

2020 డెమొక్రాటిక్ ప్రైమరీకి ఆరుగురు మహిళలు దిగారు. కమలా హ్యారిస్, కోరీ బుకర్ అనే ఇద్దరు నల్లజాతి సెనేటర్లు ఉన్నారు. హ్యారిస్ డబ్బు చాలక 2019 డిసెంబరు 3న, ఒక్క ఓటు కూడా పడకముందే తప్పుకున్నారు. బుకర్ జనవరిలో తప్పుకున్నారు. ఫిబ్రవరి 29న సౌత్ కరొలైనాలో నల్లజాతి ఓటర్లలో 61 శాతం జో బైడెన్‌కు వేశారు. మూడు రోజుల ముందు ఆ రాష్ట్ర నల్లజాతి నాయకుడు జిమ్ క్లైబర్న్ ఆయనను సమర్థించారు. ఎలిజబెత్ వారెన్ సొంత రాష్ట్రం మసాచుసెట్స్‌లోనే మూడో స్థానంలో నిలిచి, మార్చి 5న విరమించారు.

సౌత్ కరొలైనా వృద్ధ నల్లజాతి మహిళలను ఇందుకు తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. డొనాల్డ్ ట్రంప్‌ను ఓడించడమే వారికి అన్నిటికంటే ముఖ్యం, ఓడిపోతే ముందుగా నష్టపోయేది తామేనని తెలుసు. తెల్లవారు ఎవరికి వేస్తారో వారు జీవితమంతా గమనిస్తూ వచ్చారు. వారి లెక్క వివేకమే. అయితే వారిని అలా లెక్కవేసుకునే స్థితిలో పెట్టిందెవరన్నది అడగాలి.

రెజీనా బేట్‌సన్ అనే రాజనీతి శాస్త్రవేత్త 2020లో ప్రచురించిన అధ్యయనంలో ఈ ‘మిగతావాళ్లు వేయరు’ అన్న అంచనాను పరీక్షకు పెట్టారు. ఆమె స్వయంగా 2018లో కాలిఫోర్నియాలో కాంగ్రెస్ ప్రైమరీలో పోటీ చేసినవారు. సమానమైన అర్హతలున్నా తెల్లజాతి పురుషుడే ఎక్కువ ‘గెలవగల’ అభ్యర్థి అని అమెరికన్లు భావిస్తున్నారని, మహిళల విషయంలో ఆ సందేహం మరీ ఎక్కువని ఆమె చూపారు. ఈ సందేహం చందా ఇచ్చేవారిని, పార్టీ నాయకులను, స్వచ్ఛంద కార్యకర్తలను వెనక్కి లాగుతుంది. డబ్బు రాదు, సర్వేలో పేరు లేవదు, అప్పుడు చూశారా గెలవదన్నాం కదా అంటారు. అంచనా తనను తానే నిజం చేసుకుంటుంది.

ఈ అంచనా ఎంత నిజం? అభ్యర్థుల వివరాలు మార్చి మార్చి ఓటర్లకు చూపించి చేసిన 67 ప్రయోగాలను సుసాన్ ష్వార్జ్, అలెగ్జాండర్ కపాక్ 2022లో ఒక్కచోట చేర్చి చూశారు. మిగతావన్నీ సమానంగా ఉన్నప్పుడు మహిళా అభ్యర్థికి సగటున రెండు శాతం పాయింట్ల మొగ్గే కనబడింది. బరిలోకి దిగిన మహిళలు మగవారితో సమానంగా గెలుస్తున్నారనీ, బరిలోకి దిగేవారే తక్కువనీ జెన్నిఫర్ లాలెస్, రిచర్డ్ ఫాక్స్ ఏళ్ల తరబడి చూపుతూ వచ్చారు. ప్రయోగంలో చెప్పినట్టే నిజ జీవితంలో జరుగుతుందని నేను అనను. పెద్ద పార్టీ తరఫున అధ్యక్ష పదవికి నిలబడ్డ ఇద్దరు మహిళలు 2016లో, 2024లో ఓడిపోయారన్నదీ నిజమే. కానీ పొరుగువారి మనసులో ఉందని మనం అనుకునే వివక్ష, నిజంగా ఉన్నదానికంటే పెద్దదిగా ఉంటోందని చెప్పడానికి ఆధారాలు చాలు.

రిపబ్లికన్ పార్టీలో దారి మరింత ఇరుకు. మార్గరెట్ చేజ్ స్మిత్ 1964లోనే ఆ పార్టీ ప్రైమరీల్లో పోటీ చేశారు. ఒక మహిళ ఆ పార్టీ అధ్యక్ష ప్రైమరీ పోటీ ఒక్కటైనా గెలవడానికి మాత్రం 2024లో నిక్కీ హేలీ దాకా అరవై ఏళ్లు పట్టింది.

హైదరాబాదులో పుట్టిన ఇద్దరు

ఈ చరిత్రలో మన ఊరి పేరు కూడా ఉంది. అరుణా మిల్లర్ హైదరాబాదులో పుట్టి, ఏడేళ్ల వయసులో అమెరికా వెళ్లి, సివిల్ ఇంజినీరుగా పనిచేసి మేరీలాండ్ శాసనసభకు ఎన్నికయ్యారు. 2018లో కాంగ్రెస్ సీటు కోసం డెమొక్రాటిక్ ప్రైమరీలో నిలబడితే, కోటి డాలర్లకు పైగా సొంత డబ్బు ఖర్చుపెట్టిన వ్యాపారి చేతిలో ఓడిపోయారు. నాలుగేళ్ల తర్వాత వెస్ మోర్‌తో కలిసి జంటగా ప్రైమరీ గెలిచారు. ఆయన మేరీలాండ్ తొలి నల్లజాతి గవర్నరు, ఆమె లెఫ్టినెంట్ గవర్నరు అయ్యారు.

గజాలా హష్మీ కూడా హైదరాబాదులోనే పుట్టారు. నాలుగేళ్ల వయసులో జార్జియా వెళ్లారు, కళాశాలలో ఇంగ్లిషు బోధించారు. 2025 జూన్‌లో వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నరు పదవికి ఆరుగురు పోటీ పడ్డ ప్రైమరీలో సుమారు 27 శాతం ఓట్లతో గెలిచారు. వెనకే ఉన్న ఇద్దరు నల్లజాతి పురుషులు, ఒక్క పాయింటు అటూ ఇటూ తేడాతో. నవంబరులో గెలిచి, అమెరికాలో రాష్ట్రవ్యాప్త పదవికి ఎన్నికైన తొలి ముస్లిం మహిళ అయ్యారు. ముస్లిం మహిళకు, వలస వచ్చిన మనిషికి దక్షిణాది రాష్ట్రం వేయదని అనుకున్నవారికి వర్జీనియా ఓటర్లే జవాబు చెప్పారు.

మన దగ్గర మూసిన తలుపు

ఆంధ్రప్రదేశ్‌లో గాని తెలంగాణలో గాని పార్టీ అభ్యర్థిని ఓటర్లు ఎంచుకునే ఎన్నిక లేదు. అధిష్ఠానం దగ్గర జరిగే మంతనాల్లో గెలుపు గుర్రాలను వెతుకుతారు. మహిళ పేరు, దళిత మహిళ పేరు జనరల్ స్థానానికి వచ్చినప్పుడు అక్కడ వినబడే మాట కూడా ఇదే: మాకేం అభ్యంతరం లేదు, జనం వేయరు. అమెరికాలో ఆ మాట అబద్ధమో నిజమో అయోవా లాంటి ఒక రాష్ట్రం తేల్చి చూపగలదు. మన దగ్గర టికెట్ దక్కని మహిళ ఓడిపోయిందో గెలిచేదో చెప్పే రికార్డే మిగలదు.

మనకు పరీక్షకు నిలిచిన చోటు పంచాయతీలు. మహిళలకు కేటాయించిన స్థానంలో మహిళ గెలుస్తుందా అన్న ప్రశ్నే ఉండదు. పశ్చిమ బెంగాల్ పంచాయతీలను అధ్యయనం చేసిన లోరి బీమన్, ఎస్తర్ డఫ్లో బృందం, మహిళా ప్రధాన్‌ల (సర్పంచుల) పాలన రెండు విడతలు చూసిన గ్రామాల్లో, రిజర్వేషన్ లేని స్థానాల్లోనూ మహిళలు ఎక్కువగా పోటీ చేసి గెలిచారని 2009లో ప్రచురించింది. ఒకసారి కళ్లారా చూస్తే అంచనా మారుతుంది. శాసనసభల్లో, లోక్‌సభలో మూడో వంతు స్థానాలు మహిళలకు కేటాయించే 106వ రాజ్యాంగ సవరణ 2023లో ఆమోదం పొందింది. దాని అమలును జనగణనకు, నియోజకవర్గాల పునర్విభజనకు ముడిపెట్టారు. ఆ ముడి విప్పమని అడగడం మన బాధ్యత.

చివరిగా ఒక విన్నపం. ఈ సభలో ఉన్నవారిలో చాలామందికి అమెరికాలో బిడ్డలో, అన్నదమ్ములో, మేనకోడళ్లో ఉంటారు. వారిలో పౌరసత్వం తీసుకున్నవారు నవంబరులో మాత్రమే ఓటు వేసి ఊరుకుంటే సగం హక్కు వదులుకున్నట్టే. టెక్సస్‌లో ఉన్నవారికి పార్టీ నమోదు అక్కర్లేదు, ప్రైమరీ రోజు ఏదో ఒక పార్టీ బ్యాలెట్ అడిగి వేయవచ్చు. న్యూయార్క్‌లో ఉన్నవారు ముందుగానే పార్టీలో నమోదు చేసుకోవాలి. ఈ విషయం వారితో మాట్లాడండి. ఇక్కడి విద్యార్థులు, కాబోయే కార్యకర్తలు, కాబోయే నాయకులు ఒక అలవాటు చేసుకోండి. అర్హత ఉన్న మనిషి గురించి జనం వేయరని ఎవరైనా అన్నప్పుడు, మీరు వేస్తారా అని వారినే అడగండి. వేస్తామంటే ఆ ఓటు వేయమనండి, ఆ చందా ఇవ్వమనండి, ఆ పేరు ప్రతిపాదించమనండి. షర్లీ చిజంకు 1972లో దక్కనిది అదే. ఓటరు తన ఓటు తానే వేయాలి. పొరుగువారి ఓటు పొరుగువారు వేసుకుంటారు.